ఆండెక్స్ ఆడపడుచులు

బవేరియాలో ఆమర్ సరస్సుకు తూర్పున ఉన్న ఆండెక్స్ కొండను అక్కడివారు ‘పవిత్ర పర్వతం’ అంటారు. మ్యూనిక్‌ నుంచి లోకల్ రైలెక్కి చివరి స్టేషను హెర్షింగ్‌లో దిగితే, అక్కడి నుంచి కీన్ వాగు వెంబడి అడవిలో నడక. క్రీస్తు మోక్షారోహణ పండుగ రోజుల్లో చుట్టుపక్కల విచారణల (చర్చి పరిధిలోని ఊళ్ల) భక్తులు ముందు శిలువ పట్టుకుని, జపమాల చెప్పుకుంటూ ఈ దారినే వస్తారు. విజయవాడ నుంచి మా ఇంటికి వచ్చిన అమ్మను వెంటబెట్టుకుని నేను బయలుదేరింది ఆ రోజుల్లోనే. ఏటా ఫిబ్రవరిలో గుణదల మేరీమాత కొండ ఎక్కే మనిషి కావడంతో ఈ ఎత్తు ఆమెకు లెక్కలోకి రాలేదు. వెనకబడింది నేనే.

“ఇక్కడ రాజులుండేవారన్నావు, కోట ఏదమ్మా?” అని అడిగింది, చెట్ల మీదుగా గుడి గోపురం కనబడగానే. కోట లేదు. కానీ ఆ కోటలోవాళ్ల కథ తెలియకుండా పైకి వెళ్లడం నాకు ఇష్టం లేదు. అందుకే వాగు పక్కన బల్ల మీద కూర్చోబెట్టి చెప్పాను.

సరస్సుకు అవతలి గట్టున డీసెన్ అనే ఊరుంది. ఈ వంశం మొదట డీసెన్ ప్రభువులది. 12వ శతాబ్దపు తొలి సగంలో డీసెన్‌లో మఠం పెట్టి, తాము ఇవతలి కొండ మీదికి మారి ఆండెక్స్ ప్రభువులయ్యారు. అక్కడి నుంచి ఎదుగుదల ఆశ్చర్యం కలిగించేంత వేగంగా సాగింది. ఆల్ప్స్ దాటి ఇటలీ వెళ్లే బ్రెన్నర్ దారి మీద పట్టు సంపాదించారు. ఇన్ నది వంతెన దగ్గర 1180లో వాళ్లు నెలకొల్పిన సంతే ఇన్స్‌బ్రుక్ నగరమైంది. చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసాకు నమ్మకంగా నిలిచినందుకు 1173లో ఈ వంశపు బెర్తోల్డ్‌కు ఎడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న ఇస్ట్రియా సరిహద్దు సీమ దక్కింది. అదే పేరున్న ఆయన కొడుకు 1180ల్లో మెరానియా డ్యూక్ అయ్యాడు. మెరానియా అంటే ఎడ్రియాటిక్ తీరం. అక్కడ వాళ్లకు నిజంగా ఉన్న నేల తక్కువే, అయినా ఆ బిరుదుతో రాజుల సరసన కూర్చోగలిగారు. అటు బాంబెర్గ్ పీఠంలో తమ ఇంటివాళ్లే బిషప్పులయ్యేలా చూసుకున్నారు.

పుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆగి, ఎంత తెలివైన వంశమో అంటాయి. నేను ఆగలేను. ఈ ఎదుగుదలకు మూల్యం చెల్లించింది ఆ ఇంటి ఆడపిల్లలు. డ్యూక్ బెర్తోల్డ్ కూతుళ్లలో ఆగ్నెస్‌ను 1196లో ఫ్రాన్స్ రాజు రెండవ ఫిలిప్ పెళ్లాడాడు. అతడు వదిలిపెట్టిన డెన్మార్క్ రాకుమారి ఇంగెబోర్గ్ ఇంకా బతికే ఉంది, ఆ వివాహం రద్దయిందని పోపు ఒప్పుకోలేదు. 1200లో ఫ్రాన్స్‌లో గుళ్లు మూతపడేలా పోపు ఆంక్ష పెట్టాడు. మరుసటి ఏడే ఆగ్నెస్ చనిపోయింది. గెర్‌ట్రూడ్ హంగరీ రాణి అయ్యింది. 1213లో వేటకు వెళ్లిన చోట అక్కడి ప్రభువులే ఆమెను చంపారు. హెడ్విగ్‌ను పన్నెండేళ్లకే సైలీషియా (ఇప్పుడు ఎక్కువ భాగం పోలండ్‌లో ఉంది) రాజకుమారుడికి ఇచ్చారు. ఆమె కొడుకు 1241లో లెగ్నిట్స దగ్గర మంగోలులతో పోరాడుతూ చనిపోయాడు.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పన్నెండేళ్లా?” అని మాత్రం అంది.

గెర్‌ట్రూడ్ కూతురు ఎలిజబెత్‌దీ అదే దారి. నాలుగేళ్ల పిల్లను కాబోయే అత్తింటికి, జర్మనీలోని తురింగియాకు పంపేశారు. ఇరవై ఏళ్లకే భర్తను పోగొట్టుకుని, మార్బుర్గ్‌లో తన సొమ్ముతో వైద్యశాల కట్టి, రోగులకు స్వయంగా సేవ చేసింది. 1231లో, ఇరవైనాలుగేళ్లకు కన్నుమూసింది. నాలుగేళ్లు తిరగకముందే తిరుసభ (కథోలిక చర్చి) ఆమెను పునీతగా ప్రకటించింది. పెద్దమ్మ హెడ్విగ్‌కు 1267లో ఆ గౌరవం దక్కింది.

మగవాళ్ల సంగతి త్వరగానే ముగిసింది. 1208లో బాంబెర్గ్‌లో ఈ ఇంటి పెళ్లి జరిగిన రోజునే జర్మన్ రాజు ఫిలిప్‌ను విట్టెల్స్‌బాఖ్ వంశస్థుడు ఒకడు నరికి చంపాడు. ఆండెక్స్ అన్నదమ్ములిద్దరి మీద అనుమానం పడింది, ఇస్ట్రియా చేజారింది. 1248లో చివరి డ్యూక్ వారసులు లేకుండా చనిపోయాడు. ఈ కొండ బవేరియాను ఏలుతున్న విట్టెల్స్‌బాఖ్‌ల పరమైంది. కోట కూలినా దాని ప్రార్థనాలయం నిలిచింది. దాచిపెట్టిన పవిత్ర అవశేషాలు 1388లో అందులో దొరికాయి. పూజ జరుగుతుండగా ఒక ఎలుక చీటీ ముక్కను తెచ్చి పడేసి ఆ నిధి జాడ చూపిందని ఇక్కడి భక్తులు చెప్పుకుంటారు. 1455లో ఆ వంశపు డ్యూక్ మూడవ ఆల్బ్రెక్ట్ బెనెడిక్టైన్ మఠవాసులను తెచ్చి ఇక్కడ నిలిపాడు. ఆయన సమాధీ ఇక్కడే ఉంది.

గుడి లోపల 18వ శతాబ్దంలో జిమ్మర్‌మన్ వేసిన కప్పు చిత్రాలు, బంగారు పూతలు. బలిపీఠం రెండు అంతస్తులు: కింద బాలయేసును ఎత్తుకున్న మరియమాత, పైన నిష్కళంక మాత. అయితే అమ్మ ఎక్కువసేపు నిలబడింది మైనపు గది ముందు. కరువు, రోగం, యుద్ధం తప్పిస్తే కొవ్వొత్తి సమర్పిస్తామని మొక్కుకున్న ఊళ్లు తెచ్చిన నిలువెత్తు కొవ్వొత్తులు అందులో వరుసగా నిలిపి ఉన్నాయి. అన్నిటికన్నా పాతది 1594 నాటిది. గుణదలలో కొవ్వొత్తులు చేతపట్టుకుని నిలబడే జనమే ఆమెకు గుర్తొచ్చినట్టున్నారు, శిలువ గుర్తు వేసుకుంది.

ఈ గుడి పునీత నికోలస్‌, పునీత ఎలిజబెత్‌ల పేరు మీద ఉంది. ఇక్కడ పుట్టి పెరిగిన డ్యూకుల పేరు మీద కాదు. ఆ మాట చెప్పగానే అమ్మ, ఎలిజబెత్ సమాధి ఉన్న మార్బుర్గ్‌కు ఎప్పుడు తీసుకెళ్తావని అడిగింది. ఆ గుడి ఇప్పుడు లూథరన్ సంఘానిదని, 1539లో ఆమె అవశేషాలను అక్కడి నుంచి తీసేశారని చెప్పాను. “అయితేనేం, ఆమె రోగులకు సేవ చేసిన ఊరు అదే కదా” అంది. నవంబరులో ఆమె పండుగకు మార్బుర్గ్ వెళ్లాలని కిందికి దిగే దారిలోనే అనుకున్నాం.