మిర్చి యార్డు థ్రిల్లర్ రెండో డ్రాఫ్ట్ అయింది, బుడమేరు కథ ఇంటర్వెల్ దగ్గరుంది

గుంటూరు మిర్చి యార్డు నేపథ్యంలో నేను రాస్తున్న సినిమా థ్రిల్లర్ రెండో డ్రాఫ్ట్ పూర్తయింది. పైకి చదివితే రెండు గంటల పది నిమిషాలు వస్తోంది. పేజీల్లో కాకుండా నిమిషాల్లో చెప్పడానికి కారణం ఉంది. పేజీకి ఒక నిమిషం అనే కొలత 12 పాయింట్ కొరియర్ ఫాంట్‌లో, ఇంగ్లిష్‌లో రాసే స్క్రిప్టులకు సరిపోయేది. తెలుగులో గుడులు, వత్తుల వల్ల లైన్ల మధ్య ఎడం పెరుగుతుంది, ఫాంట్ మారిస్తే పేజీల సంఖ్యే మారిపోతుంది. అందుకే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ప్రతి సీనూ పైకి చదువుతాను. మాటలు లేని చోట ఆ పని జరగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగుతాను. వచ్చిన నిమిషాలు సీన్ ఆర్డర్‌లో (సీన్లన్నీ వరుసగా రాసుకున్న జాబితాలో) పక్కనే రాసుకుంటాను.

రాసేది ఫౌంటెన్ అనే స్క్రిప్ట్ పద్ధతిలో. మామూలు టెక్స్ట్ ఫైలే కాబట్టి ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది. ఇంగ్లిష్‌లో అయితే పెద్దక్షరాలను బట్టి అది పాత్ర పేరును గుర్తుపడుతుంది. మనకు పెద్దక్షరాలు లేవు, కాబట్టి పేరు ముందు @ గుర్తు పెట్టాలి. సీన్ హెడింగ్ ముందు ఒక చుక్క పెట్టాలి: ‘.లోపల - కోల్డ్ స్టోరేజీ - రాత్రి’. ఈ రెండూ తెలిస్తే స్క్రిప్ట్ మొత్తం తెలుగు లిపిలోనే హాయిగా రాసుకోవచ్చు.

ఇక థ్రిల్లర్ సంగతి. ఒకే సరుకును రెండు చోట్ల తాకట్టు పెట్టిన నిల్వ రసీదు ఒకటి గుమాస్తా చేతికి దొరుకుతుంది. అక్కడి నుంచి కథ. మొదటి డ్రాఫ్ట్‌లో దొంగ ఎవరో చివరిదాకా దాచాను. రెండో డ్రాఫ్ట్‌లో ఇంటర్వెల్‌కే ప్రేక్షకుడికి చెప్పేశాను, గుమాస్తాకు మాత్రం చెప్పలేదు. సెకండాఫ్‌లో టెన్షన్ రెట్టింపయింది. ఎవరికి ఏది ఎప్పుడు తెలుస్తుందన్నది తేల్చుకున్నాకే థ్రిల్లర్‌లో డైలాగులు మొదలుపెట్టాలని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఈ కథకు యార్డే చాలా ఇచ్చింది. సీజన్‌లో రోజుకు లక్షకు పైగా టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగే రోజులుంటాయి. ఆ ఘాటుకు హమాలీ, రైతు, వ్యాపారి అందరూ ముక్కుకు తువ్వాలు కట్టుకునే తిరుగుతారు. ముఖం కనిపించకుండా మనిషి తప్పించుకోవడానికి ఇంతకన్నా సహజమైన చోటు ఎక్కడుంటుంది? ఛేజ్ సీన్ అక్కడే పెట్టాను. ఎర్రటి తేజ రకం మిర్చి పక్కన తాలు కాయ (రంగు పోయిన నాసి కాయ) కుప్ప పోసి ఉంటే రంగు తేడా కెమెరాకే తెలిసిపోతుంది, డైలాగ్ అక్కర్లేదు. వేసవిలో యార్డుకు సెలవులిచ్చినప్పుడు ఖాళీ షెడ్లు కూడా చూసొచ్చాను. క్లైమాక్స్ ఆ షెడ్లలోనే.

రెండోది విజయవాడ వరద కథ. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌లోకి వచ్చాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు ప్రవాహంతో పోయింది. నా కథంతా ఒకే అపార్ట్‌మెంట్‌లో, మూడు రోజుల్లో జరుగుతుంది. సీన్ ఆర్డర్‌లో టైమ్ బదులు నీటిమట్టం రాస్తున్నాను: పార్కింగ్‌లో చీలమండ, మెట్లపైన మోకాలు, ఆపైన గ్రౌండ్ ఫ్లోర్ కిటికీ. నీళ్లు ఎక్కే కొద్దీ కింది వాళ్లు పై వాళ్ల ఇళ్లలోకి చేరతారు, ఒకే గదిలో మనుషులు పెరుగుతారు. ఇంటర్వెల్‌కి కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు, మంచినీళ్లు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో దాచుకునే దశ. అక్కడ ఆగాను. ఆ తర్వాత డ్రోన్‌లో ఆహారం రావడం నిజంగా జరిగిన సంగతే, కానీ అది బయటి నుంచి వచ్చే సాయం. కథ ముడి లోపలి వాళ్లే విప్పాలి. సింగ్ నగర్‌లో ఉండే మా పెద్దమ్మ ‘నీళ్లు తగ్గాక బురద ఎత్తడం చూపించు, అసలు కష్టం అదే’ అంది. సెకండాఫ్ మొత్తం అటే తిప్పాలని ఉంది.

పెళ్లి కామెడీ ప్రస్తుతానికి పక్కన ఉంది. బ్రాడీపేటలో మిత్రుడి ఇంట్లో నలుగురం పాత్రలు పంచుకుని చదివాం. నవ్వు వచ్చిన చోట పెన్సిల్‌తో గీత పెట్టాను. ఆ గీతల మధ్య దూరం ఎక్కువున్న సీన్లు తీసేస్తాను. తెనాలి పద్యనాటక సమాజం కథ ఇంకా ట్రీట్‌మెంట్ దశలోనే, అంటే డైలాగులు లేకుండా కథను వివరంగా రాసుకునే దశలోనే ఉంది. హార్మోనిస్టు పాత్ర మాత్రం నాకు చాలా ఇష్టం.

థ్రిల్లర్‌ను కాపీరైట్ ఆఫీసులో సాహిత్య రచనగా రిజిస్టర్ చేయించబోతున్నాను. ఫారం 14, ఫీజు 500 రూపాయలు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. ఐడియాకు కాపీరైట్ ఉండదని 1978లోనే సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. కాబట్టి లైన్ (కథ సారాంశం) మాత్రమే పంపితే లాభం లేదు, సీన్లూ డైలాగులతో పూర్తయిన బౌండ్ స్క్రిప్టే పంపుతాను. అది వెళ్లాక వరద కథలో బురద ఎత్తే సీన్లతో మళ్లీ మొదలుపెడతాను.