క్రాఫ్ట్ సారు, బొగ్గుల ఇస్త్రీ పెట్టె

మా బడి పాత విద్యార్థులం కలిసే రోజుకు వేసే సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. ఎన్.సి.సి. క్యాంపు సంగతి మైకుగాడు రాస్తాడు. తలకోన ఎక్స్‌కర్షన్‌ను 'బి' సెక్షన్ వాళ్లు ఎలాగూ వదలరు. నేను క్రాఫ్ట్ సారు గురించే రాస్తాను. నాకు బడి అంటే ఆ గదే.

తొమ్మిదో తరగతి, దసరా సెలవులు అయిపోయిన వారం. ప్రేయర్ హార్మోనియం తిత్తి నొక్కితే పాట కంటే గాలే ఎక్కువ వస్తోంది. నేనూ పొడుగోడూ దాన్ని క్రాఫ్ట్ రూంకి మోసుకెళ్లాం. సారుది చెక్క బొమ్మలు చెక్కే మాధవమాల కదా, ఏ చెక్కనైనా ముందు వాసన చూసేవారు. ఉలి నా చేతికిచ్చి, తిత్తి వెనక పలక జాగ్రత్తగా విప్పమని చెప్పి ఆఫీసు రూంకి వెళ్లారు. నేను ఉలిని చెక్క నారకు అడ్డంగా పెట్టి సుత్తితో కొట్టాను. పలక ఏటవాలుగా చీలిపోయింది. టెన్షన్‌తో నా చేతులు చల్లబడ్డాయి.

సారు వచ్చి చీలిక పొడవునా వేలితో తడిమారు. తిట్టలేదు. గేటు దగ్గరి ఇస్త్రీ బండి నుంచి బొగ్గుల పెట్టె తెమ్మని పొడుగోణ్ణి పంపారు. తడిగుడ్డ నాలుగు మడతలు వేసి అతుకు మీద పరిచి, దానిపై పెట్టె ఉంచారు. బుస్సున ఆవిరి లేచింది, గదంతా పచ్చితోలు వాసన.

"ఇది వజ్రం అబ్బయా. పశువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు. తడీ వేడీ తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. దీన్ని అతికించినోడు, ఎప్పుడో ఒకరు విప్పాల్సి వస్తుందని తెలిసే అతికించినాడు. ఆగలేవా నాయనా?"

అరిగిపోయిన పల్చటి కత్తిని నార వెంబడి అతుకులోకి జరిపారు. దోసె పెనం మీంచి లేచినట్టు రెండో పలక లేచి వచ్చింది. చీలినదాన్ని నాచేతే వజ్రం పూయించి, తాడు చుట్టించి కట్టించారు. వారం తిరక్కుండా హార్మోనియం ప్రేయర్‌లో మోగింది.

ఇరవై రెండేళ్లుగా బెంగళూరులో పాత పియానోలు బాగుచేస్తున్నాను. నిరుడు కూనూరులోని ఒక ఎస్టేటు బంగళా నుంచి ప్లేయర్ పియానో వచ్చింది. రంధ్రాలున్న కాగితం చుట్ట తిరుగుతుంటే తనంతట తానే మోగే పియానో. అంతా గాలి పనే. పెడళ్లు తొక్కితే లోపలి గాలిని బయటికి లాగేస్తుంది. కాగితం ఒక పట్టీని ఆనుకొని జరుగుతుంది. కాగితంలోని రంధ్రం ఆ పట్టీ మీది రంధ్రంపైకి రాగానే గాలి లోపలికి దూరి వాల్వును లేపుతుంది. వెంటనే ఆ మెట్టు తాలూకు చిన్న తిత్తి ముడుచుకొని సుత్తిని కదిలిస్తుంది. 88 మెట్లకు 88 తిత్తులు. 1908లో అమెరికాలోని బఫెలోలో తయారీదారులు కలిసి, అంగుళానికి 9 రంధ్రాలని ఒప్పుకున్నారు. అందుకే ఒకరి చుట్ట ఇంకొకరి పియానోలో ఆడుతుంది.

తిత్తుల గుడ్డ పెళుసెక్కిపోయింది. మార్చాలంటే ఒక్కోదాన్నీ ఊడదీయాలి. మూత తీయగానే వజ్రం వాసన తెలిసి, కాసేపు అలాగే కూర్చున్నాను. మొదట అన్నింటికీ పెన్సిల్‌తో నంబర్లు వేశాను. నాకంటే ముందు ఎవరో పన్నెండింటిని తెల్లజిగురుతో అతికించారు. అవి చెక్కను చీల్చుకునే వచ్చాయి, వాటికి కొత్త పలకలు చేశాను. మిగతా 76లో చాలావరకు ఇస్త్రీ పెట్టె వేడికే లొంగాయి. మొండివాటి అతుకులో స్పిరిట్ చుక్కలు వేశాను. స్పిరిట్ వజ్రంలోని తేమను లాగి పెళుసు చేస్తుంది. కాసేపాగి కత్తి ఆనిస్తే 'టిక్' మని వదులుతుంది. తొమ్మిది రోజులు పట్టింది, ఆ 76లో ఒక్కటీ చీలలేదు. చుట్ట ఎక్కించి తొక్కినప్పుడు మెట్లు వాటంతటవే దిగుతుంటే షాపులో అందరూ పని ఆపి నిలబడ్డారు. ఇప్పుడు ఈ పనికి కొలంబో నుంచి కూడా పిలుస్తున్నారు. సారుకు చూపించాలనిపించింది.

కమిటీకి ఒక మనవి. స్టోర్ రూంలో ఆ హార్మోనియం ఇంకా ఉంటే పారేయనివ్వకండి. తిత్తి వెనక పలక మీద ఏటవాలు గీత ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. కలిసే రోజుకు ముందు రాత్రే దిగుతాను. గుడ్డ, కత్తి, ఇస్త్రీ పెట్టె నేనే తెచ్చుకుంటాను. అప్పటిదాకా దానికి ఎవరూ తెల్లజిగురు పూయొద్దు.