‘బాడీ ఎప్పుడొస్తదన్నా?’

దుబాయ్‌లో నా ఉద్యోగాన్ని అరబ్బీలో మందూబ్ అంటారు, మనవాళ్లు పీఆర్‌ఓ అంటారు. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ తరఫున వీసాలు, లేబర్ కార్డులు, మెడికల్ టెస్టులు చూసుకుంటూ ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరగడం పని. మనిషి ఇక్కడ దిగినప్పుడు కాగితాలు చేసేది మేమే. పోయినప్పుడు చేయాల్సిందీ మేమే. పోయినవాడు తెలుగువాడైతే ఆ ఫైలు నా టేబుల్ మీదికి రావాల్సిందే, ఎందుకంటే ఇంటివాళ్లతో మాట్లాడే మనిషి కావాలి.

ఫోన్ జగిత్యాల నుంచి రావచ్చు, సిరిసిల్ల నుంచి రావచ్చు. మాట్లాడేది ఎక్కువగా బామ్మర్దో, మేనల్లుడో, నాలుగు ఇంగ్లిష్ ముక్కలు తెలిసిన వాడకట్టు కుర్రాడో. అడిగేది ఒకటే: “బాడీ ఎప్పుడొస్తదన్నా?” అక్కడ చుట్టాలంతా దిగి ఉంటారు. పొయ్యి వెలిగించి ఉండరు. ఈ ప్రశ్నకు “ఎన్‌ఓసీ రాలేదు” అని చెప్పేసి ఫోన్ పెట్టేయడం ఇక్కడ చాలామందికి అలవాటు. నిన్నా అదే మాట, ఇవాళా అదే మాట అయితే వినేవాళ్లకు అనుమానం రాదా? కంపెనీ ఏదో దాస్తోందనుకుంటారు, ఎవరికో పైసలు ఇయ్యాలేమో అనుకుంటారు. ఎన్‌ఓసీ అంటే అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం. నిజానికి నిన్నటి ఎన్‌ఓసీ పోలీసులది, ఇవాళ్టిది ఇండియన్ కాన్సులేట్‌ది. రెండూ వేరువేరు కాగితాలు. అందుకే నేను ప్రతి కాగితాన్నీ దాని పేరుతోనే చెబుతాను. అది ఏ ఆఫీసులో ఉంది, అక్కడ దానితో ఏం చేస్తారు, దాని తర్వాత ఏది అన్నది కూడా. ఏడుపులో ఇదంతా ఎక్కుతుందా అంటారు కొందరు. ఆ బామ్మర్దికి ఎక్కుతుంది. అతను రాసుకుంటాడు, తర్వాత మిగతావాళ్లకు చెబుతాడు.

మొదట తేలాల్సింది ఎక్కడ పోయాడన్నది. ఆస్పత్రిలో చికిత్స జరుగుతుండగా పోతే ఆస్పత్రివాళ్లే మరణ సమాచారం కాగితం ఇస్తారు, పని కాస్త తొందరగా నడుస్తుంది. లేబర్ క్యాంపు గదిలో పొద్దున లేపితే లేవకపోతే పోలీసులు వస్తారు, శవం మార్చురీకి వెళ్తుంది, ఫోరెన్సిక్ డాక్టర్ చూస్తాడు. ‘ఫోరెన్సిక్’ మాట వినగానే ఇంటి దగ్గర ‘కోసిండ్రా?’ అని గుండెలు బాదుకుంటారు. ప్రతి కేసులోనూ కోయరు. అనుమానం ఏమీ లేకపోతే చాలాసార్లు పైపైన పరీక్షించి, పాత మందుల చీటీలు చూసి తేల్చేస్తారు. ఆ తర్వాత శవాన్ని అప్పగించడానికి అభ్యంతరం లేదని పోలీసులు ఇచ్చేదే మొదటి ఎన్‌ఓసీ.

ఇక్కడ నాకు ఒళ్లు మండే మాట ఒకటుంది: కార్డియాక్ అరెస్ట్. నా చేతుల మీదుగా వెళ్లిన సర్టిఫికెట్లలో మరణ కారణం దగ్గర ఎక్కువగా కనిపించేది ఇదే, లేదంటే ‘సహజ మరణం’. గుండె ఆగిందట. ఆగకుండా పోయినవాడెవడు? ఎందుకు ఆగిందన్నది కదా కావాల్సింది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలుంది. పొద్దున పదకొండింటి ఎండ సంగతి ఆ రూల్లో లేదు. కార్డియాక్ అరెస్ట్ అన్న ఈ ఒక్క మాట మీద ఇంటివాళ్లకు చాలా ఆధారపడి ఉంటుంది. ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి వచ్చే ముందు మన సర్కారు అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు, మీద వచ్చే వాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల పాలసీ ఉంటుంది. అయితే మరణానికి ఆ సొమ్ము ఇచ్చేది ప్రమాదమైతేనే. గుండె ఆగి పోయినవాడికి రాదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఏజెంట్ వచ్చి పది లక్షలు ఇప్పిస్తానని ఆశపెట్టి, ఫైలు ఖర్చని ఎంతో కొంత గుంజుకుపోతాడు.

డెత్ సర్టిఫికెట్‌ను అరబ్బీలో షహాదత్ వఫాత్ అంటారు. ఇది అరబ్బీలో రాయడంలో మన పేర్లకు వచ్చే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. ఆ భాషలో ప అక్షరం లేదు, చ లేదు. పోచయ్య అన్న పేరు అరబ్బీలోకి వెళ్లి మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిరిగొచ్చేసరికి బోషయ్య అయిపోతుంది. ఇంటి పేరు ముందుంటే అదే అసలు పేరనుకుంటారు. తండ్రి పేరు చివర్లో చేరిపోతుంది. కౌంటర్ దగ్గరే నిలబడి పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోవాలి. ఒక్క అక్షరం తేడా వస్తే రేపు ఊళ్లో బ్యాంకు మేనేజర్ ‘ఇది మీ ఆయనది కాదమ్మా’ అంటాడు. దిద్దించుకోవడానికి ఆమె దుబాయ్ రాలేదు కదా.

తర్వాత కాన్సులేట్. అక్కడ మరణం నమోదు చేసి, పాస్‌పోర్టు మీద క్యాన్సిల్డ్ ముద్ర వేసి, శవాన్ని దేశానికి పంపడానికి రెండో ఎన్‌ఓసీ ఇస్తారు. ముద్ర పడిన పాస్‌పోర్టు ఫొటో వాట్సాప్‌లో పెడితే ఒక తండ్రి నాకు ఫోన్ చేసి, “మావోని పాస్‌పోర్టు ఎందుకు ఖరాబు చేసిండ్రు కొడుకా” అని అడిగాడు. ఇంకెవరూ దాన్ని వాడకుండా చేస్తారు కాకా, భద్రంగా దాచుకో, సర్కారు సాయానికి ఇదే పనికొస్తదని చెప్పాను. ఇమిగ్రేషన్‌లో వీసా రద్దు పని కూడా ఈ మధ్యలోనే అయిపోతుంది, దాని గురించి చెప్పేదేమీ లేదు.

లేబర్ క్యాంపులు ఎక్కువగా ఉండే ముహైస్నా ప్రాంతాన్ని అందరూ సోనాపూర్ అంటారు. ఎంబామింగ్ సెంటర్ కూడా అక్కడే. అరబ్బీలో తహ్‌నీత్. మెడ దగ్గరో తొడ దగ్గరో ధమని తెరిచి ఫార్మలిన్ కలిపిన ద్రావణం ఎక్కిస్తారు, సిరలోంచి రక్తం బయటికి వస్తుంది. శరీరం కొన్నాళ్లు చెడకుండా ఉంటుంది. ఇది చేసినట్టు సర్టిఫికెట్ లేనిదే విమానం కంపెనీ పెట్టెను ముట్టుకోదు. ముందు మనవాళ్లెవరైనా వచ్చి శవాన్ని గుర్తుపట్టాలి. ఒకసారి నాతో పోయినవాడి రూమ్మేట్ వచ్చాడు, ఇద్దరూ షట్టరింగ్ కార్పెంటర్లు. అతను ముఖం వైపు చూడలేదు. దుప్పటి పక్కకు జరిపి కుడిచేయి చూపించమన్నాడు. బొటనవేలి గోరు సుత్తి దెబ్బకు నల్లబడి సగం ఊడి ఉంది. “ఆయ్‌నే సార్” అని బయటికి వెళ్లిపోయాడు. సంతకం కోసం మళ్లీ పిలవాల్సి వచ్చింది.

శవాన్ని జింకు రేకు ఉన్న పెట్టెలో పెట్టి మూసేస్తారు. అప్పటి నుంచి అది కార్గో. ఎయిర్‌వే బిల్లులో మనిషి పేరుతో పాటు ‘హ్యూమన్ రిమైన్స్’ అని రాస్తారు. విమానాల లెక్కలో దానికి హెచ్‌యూఎమ్ అని మూడక్షరాల కోడ్ ఉంది. బిల్లులో షిప్పర్ అంటే పంపేవాడు, కన్‌సైనీ అంటే శంషాబాద్‌లో తీసుకునేవాడు. ఈ కన్‌సైనీగా ఎవరి పేరు ఇవ్వాలో ఇంటివాళ్లు బాగా ఆలోచించుకోవాలి. పెద్ద మనిషని సర్పంచ్ పేరు ఇస్తారు, ఆయన ఆ రోజు రాలేకపోతాడు. ఆధార్‌లో ఉన్నట్టే పేరున్న, తప్పకుండా ఎయిర్‌పోర్టుకు వచ్చే మనిషి కావాలి.

ఒకప్పుడు పెట్టెను తూకం వేసి కిలోకు ఇంత అని తీసుకునేవారు. సరుకు తూచినట్టు మనిషిని తూచడమేంటని ఇక్కడి మన సంఘాలు ఏళ్ల తరబడి గొడవ చేశాయి. 2019 జనవరిలో ఎయిరిండియా యూఏఈ నుంచి తూకం తీసేసి పెద్దవాళ్లకు 1,500 దిర్హాములు, పన్నెండేళ్లలోపు పిల్లలకు అందులో సగం అని ఒకే ధర పెట్టింది. ఈ ఖర్చులు పెట్టుకోవాల్సింది కంపెనీ. ఇంటివాళ్లు శవాన్ని పంపమని అడిగితే సిద్ధం చేసి పంపే ఖర్చు యజమానిదేనని ఇక్కడి కార్మిక చట్టం చెబుతోంది. సౌదీ చట్టంలోనూ ఇలాంటిదే ఉంది. కంపెనీ లేనివాళ్లకు, వీసా చెల్లనివాళ్లకు కాన్సులేట్ దగ్గర ఐసీడబ్ల్యూఎఫ్ అనే సంక్షేమ నిధి ఉంది. అడిగితే ఇస్తారు, అడగాలని తెలియాలి.

అందరినీ ఇంటికే పంపాలని లేదు. జెబెల్ అలీలో హిందువులకు దహనవాటిక ఉంది. ఇక్కడే దహనం చేయమంటే ఇంటి నుంచి నోటరీ చేయించిన కన్సెంట్ లెటర్ రావాలి. తర్వాత అస్థికలు పంపవచ్చు. ముస్లింలలో చాలామంది ఇక్కడే దఫన్ చేయమంటారు. వాళ్ల మాటలు వేరు: శవం మయ్యిత్, స్నానం ఘుసుల్, తెల్లబట్ట కఫన్, నమాజుతో సాగనంపడం జనాజా. నిజామాబాద్ ముస్లిం కార్మికుడు పోతే, కాగితాలు వచ్చిన రోజే మట్టి ఇవ్వడం అయిపోతుంది, క్యాంపు మొత్తం వెళ్తుంది. సౌదీలో మాత్రం దహనానికి వీల్లేదు. హిందువు శవమైతే ఇంటికి పంపాలి, లేదా ముస్లిమేతరులకు కేటాయించిన చోట పూడ్చాలి. అక్కడ పనిచేసే మావాళ్లు మాట్లాడుకునేటప్పుడు ‘నేను పోతే ఎట్లనన్నా పంపుండ్రి’ అని నవ్వుతూనే అనుకుంటారు.

2020లో కరోనాతో విమానాలు ఆగిపోయినప్పుడు కన్సెంట్ లెటర్ కోసం ఇళ్లకు ఫోన్లు చేయడమంత కష్టమైన పని నేను చేయలేదు. ఆ ఏప్రిల్‌లో అబుదాబీ నుంచి ఢిల్లీ చేరిన మూడు పెట్టెలను వెనక్కి పంపేశారు. ఆ వార్త టీవీలో చూసినవాళ్లే ఫోన్ ఎత్తి, ‘అక్కడ్నే కానియ్యుండ్రి’ అన్నారు.

శంషాబాద్‌లో దిగాక ఎయిర్‌పోర్టు హెల్త్ ఆఫీసర్ అనుమతి కావాలి. 2023 నుంచి దీన్ని ఈ-కేర్ అనే పోర్టల్‌లో ముందే అప్లై చేస్తున్నాం, పెట్టె దిగేసరికి అనుమతి సిద్ధంగా ఉంటుంది. అక్కడి నుంచి ఊరికి ప్రభుత్వ అంబులెన్స్ ఉచితం. డ్రైవర్‌కు చాయ్ పైసలు తప్ప ఏమీ ఇయ్యొద్దని మరీ చెబుతాను.

లీవులో ఉన్నప్పుడు మా పక్క ఊరికి ఒక పెట్టె వచ్చింది. మూత మరలతో బిగించి ఉంది, స్క్రూడ్రైవర్ ఎవరి దగ్గరా లేదు. మోటార్లు బాగుచేసే కుర్రాడిని పిలుచుకొచ్చారు. మూత లేవగానే ఫార్మలిన్ వాసనకు దగ్గరున్నవాళ్ల కళ్లు మండాయి. ఏదో విషం పెట్టారని ఎవరో అననే అన్నారు. అది మందు వాసన, పిల్లల్ని దూరం జరపండని నేను చెప్పాను. పెట్టెతో పాడె మీద నిలవదు, శవాన్ని బయటికి తీశారు. దింపుడు కల్లం దగ్గర పాడె దించి, అన్న చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలిచాడు తమ్ముడు. పోయి పన్నెండు రోజులైంది. అయినా పిలవకుండా ఎట్లా ఉంటాడు? పదకొండో రోజు ఎప్పుడన్న మీద పెద్దవాళ్లు కాసేపు వాదించుకున్నారు, చివరికి దహనం చేసిన రోజు నుంచే లెక్కపెట్టాడు పంతులు.

పెట్టె చేరాక ఫోన్లు తగ్గుతాయి. నా లెక్కలో అసలు కష్టమైన మాటలు అప్పుడే మొదలవుతాయి. గ్రాట్యుటీ అంటే పనిచేసిన ఏళ్లకు కంపెనీ ఇవ్వాల్సిన సొమ్ము, దానం కాదు. దియా అంటే యాక్సిడెంట్‌లాంటి కేసుల్లో కోర్టు వేయించే ప్రాణ పరిహారం. ఇక్కడ ఏళ్లుగా అది 2 లక్షల దిర్హాములుగా నడిచింది. కోర్టు తీర్పు లేనిదే రాదు, లాయర్‌కు పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. ఎక్స్‌గ్రేషియా అంటే మన సర్కారు ఇచ్చేది. తెలంగాణలో 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని ఉత్తర్వు వచ్చింది, దరఖాస్తు కలెక్టరేట్‌లో ఇవ్వాలి.

వీటిలో సగానికి అడ్డం పడేది తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చే వారసుల సర్టిఫికెట్. పెళ్లాం పేరు ఆధార్‌లో పుట్టింటి పేరుతో ఉంటుంది. తల్లి పేరు చేర్చాలా వద్దా అని పంచాయితీ నడుస్తుంది. ఇక్కడ చెల్లాలంటే దాని మీద ఇంకా వేరే ఆఫీసుల ముద్రలు పడాలి. శవం పదిహేను రోజుల్లో ఇల్లు చేరిన కేసులో ఈ కాగితం ఏడాదికి వచ్చింది. అందుకే ఇప్పుడు మొదటి ఫోన్‌లోనే, పోలీసు ఎన్‌ఓసీ గురించి చెప్పేటప్పుడే, ఒకరిని తహసీల్దార్ ఆఫీసుకు పంపమంటున్నాను. శవం కూడా రాలేదు, అప్పుడే పైసల మాట ఎత్తిండని కొందరు తిడతారు. బామ్మర్దిని మాత్రం రాసుకోమంటాను.