జీరో టికెట్ మీద మెదక్ చర్చికి

పొద్దున లేవంగనే నా ఫోన్ల పది బైబిల్ వాక్యాలు వచ్చి ఉంటయి. సంఘం గ్రూపు, ఆడపడుచు, కింద పోర్షన్ల ఉండే ఆంటీ, అందరు గులాబీ పువ్వు మీద ఒక వచనం రాసి కింద ప్రైజ్ ద లార్డ్ అని పంపుతరు. తప్పు అంటలేను, నేను గూడ పంపేదాన్నే. కానీ మూడు నెలల సంది ఇంట్ల జీతం లేకుంటే ఆ గులాబీ పువ్వు జూస్తే కోపమొస్తది, దాచుకునుడెందుకు.

మా ఆయన జీడిమెట్లల ఒక కంపెనీల మెషిన్ మీద పనిచేస్తడు, కానీ కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టర్ కింద. కాంట్రాక్టర్ నడిగితే కంపెనీ బిల్లు ఇయ్యలేదంటడు, కంపెనీల అడిగితే మాకేం సంబంధం అంటరు. నేను ఇంట్ల బ్లౌజులు కుడత, ఆ పైసలు కూరగాయలకు గ్యాస్ కు అయితయి, మరి కిరాయి, చిట్టి, బిడ్డ స్కూల్ ఫీజు? ఆయన మాట్లాడుడే బంద్ చేసిండు. తాగుడు లేదు, కొట్లాట లేదు, అన్నం తిని గోడ దిక్కు తిరిగి పండుకుంటడు, ఇగ ఇంట్ల నా కుట్టు మిషన్ సప్పుడు తప్ప ఇంకో సప్పుడు లేదు. చర్చికి గూడ రాకుండ అయిండు, వస్తే నలుగురు జీతం వచ్చిందా అని అడుగుతరని.

అప్పుడు మా అత్తమ్మ అన్నది, మెదక్ పోదాం పా అని. ఆమె పుట్టిల్లు మెదక్ దగ్గర కొల్చారం దిక్కు. చిన్నప్పుడు క్రిస్మస్ కు ఎడ్ల బండి కట్టుకుని పోయి అక్కడే చెట్ల కింద వండుకుని తిని వచ్చేటోళ్లంట. "పండుగకు పోతే జనంల తొక్కులాట, మామూలు ఆదివారం పోతే నిమ్మళంగ కూసోవచ్చు" అన్నది. ఖర్చు అని నేను నసిగితే నవ్వింది, "మనకేం ఖర్చే, వానికొక్కనికే గద టికెట్". నిజమే, 2023 డిసెంబర్ సంది ఆడోళ్లకు బస్సు ఫ్రీ కాబట్టి అత్తమ్మ, నేను, బిడ్డ ముగ్గురం జీరో టికెట్ మీద పోయినం. మా ఆయన జేబుల చిల్లర ఏరి కండక్టర్ కు ఇస్తుంటే ఆయన మొహం జూసి, అనవసరంగ తీసుకొచ్చినమా అనిపించింది నాకైతే.

బాలానగర్ ల ఎక్కినం. నర్సాపూర్ అడవిల రోడ్డు పొడుగునా కోతులే, బిడ్డ లెక్కపెడుత పోయింది, నలభై దాటినంక నిద్రపోయింది. మెదక్ వస్తుందనంగ దూరం నుంచే చర్చి గోపురం కనిపిస్తది, నూట డెబ్బై అడుగులకు పైనే మరి.

చెప్పులు బయట విడిచి లోపలికి పోయినం. రంగు రంగుల డిజైన్ల నేల, ఫిబ్రవరి పొద్దున కదా, అరికాళ్లకు సల్లగ తగిలింది. 5 వేల మంది పట్టే గుడి అంటరు, ఆ రోజు వెనకాల కావాల్సినంత జాగ ఉండె. అద్దాల కిటికీలు మూడు, ఒకదాంట్ల ప్రభువు పుట్టుడు, ఒకదాంట్ల సిలువ, ఇంకోదాంట్ల ఆరోహణం, అంటే ప్రభువు పరలోకానికి ఎక్కిపోవుడు. బయటి ఎండ పడితేనే ఆ బొమ్మలు కనిపిస్తయి, పొద్దు గూకితే ఏం కనిపించదు. అత్తమ్మ చిన్నప్పుడు ఒకసారి మాపటికి లోపలికి పోయి, బొమ్మల్ని ఎవరో ఎత్తుకపోయిండ్రని ఏడ్చిందంట, ఆ ముచ్చట అక్కడ కూసోని నా చెవుల చెప్తే ఆరాధనల నవ్వు ఆపుకోలేక సచ్చిన.

తర్వాత అందరు నిలబడి ప్రభువు ప్రార్థన మొదలుపెట్టిండ్రు. మాకు అది నిద్రల గూడ వస్తది, నోరు దానంతట అదే చెప్పుకుంట పోతది. పక్కన మా ఆయన గొంతు వినబడుతుంది, చాన రోజులకు వింటున్న గదా, ప్రార్థన మీద కన్న ఆ గొంతు మీదనే నా ధ్యాస. మా అనుదినాహారం నేడు మాకు దయచేయుము అనే కాడికి వచ్చేసరికి ఆ గొంతు ఆగిపోయింది. నేను తిరిగి చూడలే. చూస్తే ఇద్దరం ఏడుస్తమని. అత్తమ్మ మాత్రం ముందటికి చూసుకుంటనే చెయ్యి చాపి కొడుకు మణికట్టు పట్టుకుంది, చిన్న పిలగాన్ని రోడ్డు దాటిచ్చేటప్పుడు పట్టుకున్నట్టు. ఆమేన్ అనేదాక ఇడువలే.

బయట చెట్టు నీడకు కూసోని పులిహోర డబ్బా ఇప్పినం. అప్పుడు అత్తమ్మ మొదలుపెట్టింది, మా తాత ఈ గుడికి రాళ్లు మోసిండు, పదిహేనేండ్ల పోరడు అప్పటికి, అని. ఈ చరిత్ర నాకు తెల్వక కాదు, చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ దొర, 1914ల మొదలుపెట్టి పదేండ్లు కట్టిచ్చి 1924 క్రిస్మస్ రోజు తెరిచిండని సండే స్కూల్ల కంఠతా పెట్టిచ్చిండ్రు. కరువు రోజులు, జనం తిండిలేక అల్లాడుతుంటే పని చెప్పి తిండి పెట్టుడు కోసం కట్టిచ్చిండు అని గూడ చెప్పిండ్రు. కానీ అప్పుడు గోపురం ఎంత ఎత్తు అన్నదే గుర్తు పెట్టుకున్న, పరీక్షల అదే అడుగుతరు కాబట్టి. ఆకలైనోడికి ప్రభువు చూసుకుంటడులే అని చెప్పి పంపియ్యకుండ తట్ట చేతికిచ్చి కూలి ఇచ్చుడు, ఈ ముచ్చట ఇంట్ల జీతం ఆగినంకనే నాకు సరిగ్గ చెవికెక్కింది.

మా ఆయన తింటున్నోడు ఆగి అడిగిండు, "కూలి టైముకు ఇచ్చేటోళ్లా అమ్మా?"

అత్తమ్మ ముద్ద నోట్ల పెట్టుకుంటనే, "ఇయ్యకుంటె పదేండ్లు ఎవడు మోస్తడు బిడ్డా? మీ కాంట్రాక్టర్ కట్టిచ్చిండనుకున్నవా దీన్ని?"

మా ఆయనకు పొలమారింది. నవ్వుతో పొలమారింది, నీళ్ల బాటిల్ ఇస్తే తాగుకుంట మళ్లా నవ్విండు. ఏమైందో తెల్వక బిడ్డ గూడ నవ్వింది. నేను సరిగ్గ చెప్పలేను గానీ, మూడు నెలలు ఉపవాసాలు ఉండి నేను అడిగింది అదే అనిపించింది, జీతం గురించే అడిగిన గని.

తిరిగి వచ్చేటప్పుడు బస్సుల ఆయన ఫోన్ తీసిండు, తనతోని పనిచేసే ఐదుగురికి ఒక్కొక్కరికి చేసిండు. అప్పటిదాక ఎవరికి వాళ్లు పోయి చేతులు కట్టుకుని అడిగొచ్చేటోళ్లు, సోమవారం అందరం కలిసే పోదాం, ఇయ్యకుంటే అటు నుంచి అటే లేబర్ ఆఫీసుకు అని చెప్తున్నడు, గట్టిగనే చెప్తున్నడు, ముందు సీటాయన తిరిగి జూసిండు గూడ.

రెండు వారాలకు ఒక నెల జీతం వచ్చింది. రెండు నెలలది ఇంక రావాలె. స్కూల్ల కట్టినం, చిట్టి అట్లనే ఉంది, చిట్టి ఆమె ఎదురైతే నేను సందు మారుస్తున్న. నిన్న రాత్రి ఇంట్ల ప్రార్థన ఆయనే చేసిండు, చాన రోజులకు. చిన్నగనే చేసిండు, మధ్యల కాంట్రాక్టర్ కోసం గూడ ప్రార్థన చేసిండు, పేరు పెట్టి. ఆమేన్ అని అందరికన్న గట్టిగ అన్నది మా అత్తమ్మనే.