మెదక్ దారిలో పద్నాలుగు మంది

నర్సాపూర్ బస్టాండులో దిగగానే నేను చేసిన మొదటి పని మా అక్క కొడుకును అందరి ముందూ తిట్టడం. మంచినీళ్ల డబ్బా బస్సులోనే మరిచిపోయాడు. "ఒక్క డబ్బా చూసుకోలేనోడివి, రేపు ఉద్యోగం ఏం వెలగబెడతావురా?" అన్నాను. వాడు తల దించుకుని తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. కానిస్టేబుల్ ఉద్యోగం ఒకసారి పరుగు దగ్గర, ఇంకోసారి రాతపరీక్షలో చేజారినప్పటి నుంచీ ఎవరేమన్నా వాడు అలాగే నిలబడుతున్నాడు. ఇంట్లోనే పడి ఉంటున్నాడు, నీతోపాటు తీసుకెళ్లు తమ్ముడూ అని అక్క బతిమాలితే వెంటబెట్టుకొచ్చాను. రెండు రోజుల నడక, దారిపొడవునా నాలుగు మంచి మాటలు చెప్పి దారిలో పెట్టొచ్చని నా లెక్క.

2024 డిసెంబరు 23. మెదక్ చర్చికి నూరేళ్లు నిండుతున్న క్రిస్మస్. సికింద్రాబాద్ నుంచి మా సంఘం వాళ్లం పద్నాలుగు మందిమి బయల్దేరాం. నర్సాపూర్ దాకా బస్సు, అక్కడి నుంచి సుమారు 45 కిలోమీటర్లు కాలినడక. గుంపులో అందరికన్నా పెద్దది మోండా మార్కెట్లో ఆకుకూరలు అమ్మే అవ్వ. రబ్బరు చెప్పులు, భుజాన ఒక గుడ్డసంచి, అంతే ఆమె సామాను. నేను తిట్టినంతసేపూ ఆమె నోరు విప్పలేదు. నడక మొదలయ్యాక మాత్రం వాణ్ని పక్కకు పిలిచింది.

"నాయినా, నాకు కండ్లు సరిగ కనవడవు. ఆగిన కాడల్లా మనోళ్లు ఎంతమంది ఉన్నరో లెక్క చూసి నాకు జెప్పు. ఒక్కరు తక్కువున్నా నేను ముందుకు నడువ."

ఆమెకు కళ్లు కనపడవన్న సంగతి నేను అప్పుడే విన్నాను. కొత్తిమీర కట్టలో ఒక్క పండుటాకు ఉన్నా తీసి పారేసే మనిషి!

నర్సాపూర్ దాటి ముందుకు సాగాం. పిట్టగోడల మీద కోతులు వరసగా కూర్చుని, ఏ చేతిలో బిస్కెట్ పొట్లం ఉందో తనిఖీ చేస్తుంటాయి. మొదటి మజిలీలో వాడు వేలితో ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్కపెట్టి, మొహం మాడ్చుకుని అవ్వ దగ్గరికి పోయాడు. "పదమూడే ఉన్నరవ్వా."

అవ్వ పడీపడీ నవ్వింది. "పరమానందయ్య శిష్యుని లెక్కున్నవు గదరా! నిన్నెవలు లెక్కవెట్టాలె?"

అందరం నవ్వాం. ఒక్క క్షణం ఆగి వాడు కూడా నవ్వాడు. వాడి పళ్లు చూసి ఎన్నాళ్లయిందో.

ఆ రాత్రి కౌడిపల్లిలో తెలిసినవాళ్ల డాబా మీద పడుకున్నాం. చలి బాగానే ఉంది. పడుకునే ముందు ప్రార్థనలో వాక్యం చదవడం నా వంతు. చర్చి వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీలో ఉన్నాను కాబట్టి ఇలాంటివన్నీ నా వంతే అవుతాయి. అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయం తీశాను. కుప్రలో, అంటే సైప్రస్‌లో, పుట్టిన లేవీయుడైన యోసేపు అనే ఆయనకు యేసు శిష్యులైన అపొస్తలులు బర్నబా అని పేరు పెట్టారు. ఆ పేరుకు మన పాత తెలుగు బైబిల్ ఇచ్చిన అర్థం "హెచ్చరిక పుత్రుడు".

"హెచ్చరికనా? అంటే అందరికీ వార్నింగులు ఇచ్చేటోడా మామా?" అన్నాడు మావాడు దుప్పట్లోంచి.

"అయితే మీ మామనే!" అని చీకట్లో ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు.

నవ్వులు ఆగాక అర్థం చెప్పాల్సి వచ్చింది. బైబిల్‌ను తెలుగులోకి దించిన కాలంలో హెచ్చరించడమంటే భయపెట్టడం కాదు. పురికొల్పడం, ధైర్యం చెప్పడం. మాట అదే, మనం దాన్ని కరెంటు స్తంభం మీది పుర్రెబొమ్మ కింద రాసుకున్నాం. బర్నబా ఏం చేశాడో చూడండి. సౌలు, అంటే తర్వాత పౌలుగా పేరుపడ్డవాడు, మారాడంటే యెరూషలేములో ఒక్కడూ నమ్మలేదు. నిన్నటిదాకా తమను పట్టి చెరసాలలో వేయించినవాడాయె. బర్నబా అతన్ని చేరదీసి అపొస్తలుల దగ్గరికి తోడుకుని వెళ్లాడు. తర్వాత మార్కు అనే కుర్రాడు ప్రయాణం మధ్యలో వదిలేసి పోయాడు. రెండోసారి అతన్ని తీసుకుపోవద్దని పౌలు పట్టుబట్టాడు. బర్నబా మార్కు పక్కన నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా మాటామాటా పెరిగి విడిపోయారు. ఏళ్లు గడిచాక అదే పౌలు, మార్కును వెంటబెట్టుకుని రా, పరిచర్యలో అతను నాకు పనికొస్తాడు అని తిమోతికి రాశాడు.

ఇదంతా నేను ఎన్నోసార్లు చెప్పిన ప్రసంగమే. ఆ రాత్రి మాత్రం చెబుతూ చెబుతూ నా గొంతు నాకే వినబడింది. పౌలు అప్పుడప్పుడే మతం పుచ్చుకున్నవాడు, మార్కు పని వదిలేసి పారిపోయినవాడు. నా కమిటీ ముందుకు వచ్చి ఉంటే ఇద్దరికీ తాఖీదులు పంపేవాణ్ని. బస్సులో పోయిన ఆ డబ్బా ఖరీదెంతని? ఎనభై రూపాయలు.

మర్నాడు కొల్చారం వైపు నడుస్తూ నేను ముత్తాత కథ అందుకున్నాను. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ 1895లో సికింద్రాబాద్ వచ్చి, తిరుమలగిరిలో సిపాయిల మధ్య కొంతకాలం పనిచేసి, ఆ తర్వాత మెదక్ చేరాడు. 1914లో చర్చి కట్టడం మొదలైంది. కరువు రోజులు. జనం చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోతుంటే ఆయన పని చూపించి తిండి పెట్టాడు. పదేళ్లు పట్టింది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు. మా ముత్తాత అక్కడ రాళ్లు మోశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. తిండికి ఆశపడి కలిసిన మతం అని మమ్మల్ని ఎత్తిపొడిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చిన్నప్పుడు ఆ మాటకు ఏడుపొచ్చేది. ఇప్పుడైతే, అవును, ఆకలేసింది, పని చేశాం, తిన్నాం, ఆ చర్చిలో ఒక రాయి మాది అంటాను. ఆకలిగొన్నవాడికి పళ్లెం చాపడం ఒక ఎత్తు, నీ చేతులు నాకు కావాలి అనడం ఇంకో ఎత్తు. మా ఆకుకూరల అవ్వ చదువుకోలేదు, పాస్నెట్ పేరు కూడా ఆమె నోట "పాసినేటు దొర". ఆయన కిటుకు మాత్రం ఆమెకు పూర్తిగా తెలుసు.

ఈ కథ ఇంత వివరంగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. నా కాలి నొప్పి మరిచిపోవాలి. యాత్రకని కొత్త బూట్లు కొనుక్కున్నాను. కౌడిపల్లి దాటేసరికే మడమ మీద బొబ్బ లేచింది. ఏడుపాయల దుర్గమ్మ గుడికి దారి చీలే పోతంశెట్టిపల్లి చౌరస్తాలో టీ తాగాం. దుర్గమ్మ దగ్గరికి పోతున్న ఒక కుటుంబం మాకు బెంచీ ఖాళీ చేసి, "మీరు నడిచొస్తున్నరు, కూసోండి" అన్నారు. కూర్చుని లేవడమే నేను చేసిన తప్పు. బొబ్బ చితికింది. అడుగు వేస్తే నడినెత్తిన సూది దిగినట్టు ఉంది. ఎవరికీ చెప్పలేదు. వెనకబడ్డాను. కాసేపటికి గుంపు మలుపు తిరిగి కనబడకుండా పోయింది. ఒక మోరీ గోడ మీద కూర్చుండిపోయాను.

ఎంతసేపయిందో, ఎదురుగా మావాడు ఒక్కడే వస్తూ కనిపించాడు. మంచి పరుగు. ఈ కాళ్లు పరుగుపందెంలో ఎలా తప్పాయో నాకు అర్థం కాలేదు.

"పదమూడే ఉన్నరు మామా. అవ్వ కదలనంటున్నది."

వాడు బూటు విప్పి మడమ చూశాడు. నేను కాచుకుని ఉన్నాను. కొత్త బూట్లతో ఎవరన్నా యాత్రకు వస్తరా అని వాడు అనాలి. వాడి చోట నేనుంటే కచ్చితంగా అని ఉండేవాణ్ని, దానికి తోడు ఒక వాక్యం కూడా చదివి ఉండేవాణ్ని. వాడు ఏమీ అనలేదు. జేబురుమాలు తడిపి మడమకు చుట్టాడు. తన చెప్పులు విప్పి నా ముందు పెట్టాడు. నా బూట్ల లేసులు ముడేసి మెడలో వేసుకున్నాడు. తారురోడ్డు అంచున వేసిన తెల్ల గీత ఉంటుంది కదా, దాని మీద వట్టికాళ్లతో నడవడం మొదలుపెట్టాడు. ఆ రంగు మీద కంకర గుచ్చుకోదట. నాకు తెలియదు.

"గా చింతచెట్టు దాంక మామా."

చింతచెట్టు వచ్చింది. "గా కిలోమీటరు రాయి దాంక." అదీ వచ్చింది. ఇంకా ఎంత దూరమో వాడు ఒక్కసారి కూడా చెప్పలేదు. కనబడేదే చెప్పాడు, కనబడినంతే నడిపించాడు. పేపర్లలో ఎక్కడ మార్కులు పోతున్నాయో నడుస్తూ వాడే చెప్పుకొచ్చాడు. ఇంగ్లీషు పర్వాలేదట, లెక్కల దగ్గరే ఆగిపోతున్నాడట. రెండేళ్లలో నేనెప్పుడూ ఆ ప్రశ్న అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. నేను ఊ కొట్టడం తప్ప ఏమీ చేయలేదు. చెప్పడానికి నా దగ్గర సలహాలు చాలానే ఉన్నాయి గానీ మడమ నొప్పి వాటిని గొంతులోనే ఆపేసింది. ఆ నొప్పికి రుణపడి ఉన్నాను.

సాయంత్రానికి పొలాల మీదుగా గోపురం కనబడింది. 175 అడుగుల ఎత్తు కాబట్టి ఊరికంటే ముందు అదే కనబడుతుంది. అవ్వ రోడ్డు మీదే మోకాళ్లూని దండం పెట్టుకుంది. ఆవరణలో ఇసుక వేస్తే రాలనంత జనం. కర్ణాటక నుంచీ మహారాష్ట్ర నుంచీ వచ్చినవాళ్లు చెట్ల కింద పొయ్యిలు పెట్టుకున్నారు. కొవ్వొత్తుల మైనం కాలి కిందంతా జారుడు.

తెల్లవారుజామున మొదటి ఆరాధనకు లోపల చోటు దొరకడమే గొప్ప. అప్పటికి కిటికీల అద్దాలు నల్లగా, పలకల్లా ఉన్నాయి. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే బ్రిటిష్ చిత్రకారుడు గీసిన మూడు కిటికీలు: 1927లో ఆరోహణం, 1947లో క్రీస్తు జననం, 1958లో సిలువ. పొద్దు పొడిచిన కొద్దీ ముందు నీలం, తర్వాత ఎరుపు తేలాయి. మావాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ముత్తాత మోసిన రాయి ఏదై ఉంటుందని అడిగాడు. ఒక స్తంభం చూపించాను. అదేనని నాకేం తెలుసు? దేవుడు క్షమించుగాక.

తిరుగు ప్రయాణం బస్సులో. అందరం ఎక్కి సర్దుకున్నాక డ్రైవరు హారన్ కొట్టాడు. "ఆగన్నా, ఆగు" అంటూ మావాడు లేచి నిలబడ్డాడు. అవ్వ అప్పటికే కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది; లెక్క అడిగేవాళ్లు ఎవరూ లేరు. వాడు చూపుడువేలు ముందుగా తన ఛాతీ మీద పెట్టుకుని "ఒకటి" అన్నాడు.