గుప్పెడు బురద

డికెన్స్ నవల ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’ ఐదో అధ్యాయం దగ్గర ఈరోజు పాఠం ఆగిపోయింది. పారిస్‌లో సెయింట్ ఆంటోయిన్ పేటలో ఒక వీధి. బండి మీంచి దించుతుంటే వైన్ పీపా జారి పగిలింది. జనం రాళ్ల సందుల్లోంచి దోసిళ్లతో తాగుతున్నారు. ఆడవాళ్లు తలగుడ్డలు తడిపి పసిపిల్లల నోట్లో పిండుతున్నారు.

ఆ జనంలో ఒకడు, గాస్పర్డ్, ఆ మడ్డిలో వేలు ముంచి గోడ మీద ‘రక్తం’ అని రాస్తాడు. వైన్ దుకాణం యజమాని డిఫార్జ్ వీధి దాటొచ్చి, గుప్పెడు బురద తీసి దాని మీద పులిమేస్తాడు.

డికెన్స్ 1859లో రాసిన ఈ నవల మొదటి భాగం ఆరే అధ్యాయాలు. చాలామంది మొదటిదాంట్లోనే చతికిలపడతారు. మొదటి వాక్యమే వంద మాటలు దాటుతుంది. ఆపైన పేర్లు చెప్పని రాజులు. సంవత్సరం 1775, ఇంగ్లండ్‌లో మూడో జార్జ్, ఫ్రాన్స్‌లో పదహారో లూయీ. ఇంతవరకు తెలిస్తే ముందుకెళ్లిపోవచ్చు.

ఆ మొదటి అధ్యాయంలో వదలకూడని పేరా మాత్రం ఒకటుంది. విధి అనే కట్టెలవాడు గుర్తు పెట్టుకున్న చెట్లు, మృత్యువు అనే రైతు ఎంచుకున్న మోటు బండ్లు. బండ్లకి పల్లె బురద, చుట్టూ వాసన చూసే పందులు, పైన కోళ్లు. ఆ చెట్లే గిలటిన్ అవుతాయి, అంటే ఫ్రెంచి విప్లవంలో తలలు నరికిన యంత్రం; ఆ బండ్లే దాని దగ్గరికి మనుషుల్ని మోస్తాయి. గిలటిన్ అన్న మాట అక్కడ లేదు. సంచీ, కత్తీ ఉన్న చట్రం అంటాడంతే. ఐదో అధ్యాయం అయ్యాక వెనక్కొచ్చి చదవండి, ఒళ్లు జలదరిస్తుంది.

రెండో అధ్యాయంలో డోవర్‌కి టపా మోసే గుర్రపు బండి షూటర్స్ హిల్ అనే గుట్ట ఎక్కేదీ బురదలోనే, ప్రయాణికులు దిగి నడుస్తుంటే. బురద కనిపించిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.