అరిమాకు చేరని రైలు

ఒసాకాలో గడిపిన నెలల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా ఎక్కింది హాంక్యూ కంపెనీవారి తకరాజుక లైను రైలు. ఒసాకా-ఉమెదా నుంచి తకరాజుక వరకు 24.5 కిలోమీటర్లు, 19 స్టేషన్లు, ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అరగంటకు కాస్త పైన ప్రయాణం. అంకెల్లో చెబితే ఇంతే. అయితే ఆ మెరూన్ రంగు పెట్టెలనూ, లోపల కలపను పోలిన గోడలనూ, మేకబొచ్చుతో నేసిన మెత్తని ఆకుపచ్చ సీట్లనూ చూశాక, ఇది ఉద్యోగులు రోజూ ఆఫీసుకు వెళ్లివచ్చే మామూలు బండి అని నమ్మడానికి నాకు కొన్నాళ్లు పట్టింది.

ఈ లైను 1910 మార్చి 10న మొదలైంది. అప్పటికి కంపెనీ పేరు మినో అరిమా ఎలక్ట్రిక్ రైల్వే. మినో జలపాతానికీ, శరదృతువులో ఎర్రబారే మేపుల్ ఆకులకూ పేరున్న ఊరు. అరిమా కొండల మధ్య ఉన్న ప్రాచీనమైన ఉష్ణగుండాల ఊరు. మొదటిదానికి ఈ లైను మీది ఇషిబాషి స్టేషన్ నుంచి ఒక చిన్న శాఖ వేశారు, అది నేటికీ నడుస్తోంది. రెండోదాని వైపు వెళ్లవలసిన పట్టాలు మాత్రం తకరాజుక దాటి ముందుకు సాగనే లేదు. కొండదారి కష్టం, ఖర్చు అంతకంటే కష్టం. పేరులో ఉన్న ఊరికి చేరలేకపోయిన ఈ కంపెనీ, ఆ లోటు పూడ్చుకోవడానికి పడిన పాట్లలోనే తన అసలు రూపాన్ని సంపాదించుకుందని నాకు అనిపిస్తుంది.

1907లో కంపెనీ పెట్టేనాటికి జపాన్‌లో ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది, వాటాల్లో దాదాపు సగం కొనేవారు లేక మిగిలిపోయాయి. ఆ స్థితిలో బాధ్యత నెత్తికెత్తుకున్నవారు ఇచిజో కొబాయాషి. జనవరి 3న పుట్టినందువల్ల ఒకటి, మూడు అంకెలనే పేరుగా పెట్టుకున్న ఈయన, అంతకుముందు మిత్సుయి బ్యాంకులో ఉద్యోగి. రైలు నడపబోయే దారి వెంట ఒసాకా నుంచి ఇకెదా వరకు ఆయన కాలినడకన వెళ్లి చూశారు. దారి పొడవునా పొలాలు, అక్కడక్కడ పల్లెలు, ఒక గుడి. ఎక్కేవాళ్లు లేని చోట రైలు వేయడం మూర్ఖత్వమని నలుగురూ అంటుంటే, ఆయనకు తోచినది వేరు: ఇక్కడ భూమి చవక కాబట్టి ముందు భూమి కొనాలి, ఇళ్లు కట్టి అమ్మాలి, ఆ ఇళ్లలోకి వచ్చినవాళ్లే రేపటి ప్రయాణికులు.

లైను మొదలైన ఏడాదే ఇకెదాలో మురోమాచి అనే కాలనీ అమ్మకానికి వచ్చింది. ఒక్కొక్క స్థలం సుమారు 100 త్సుబోలు, అంటే మన లెక్కలో దాదాపు 400 గజాలు. కొంత సొమ్ము ముందు కట్టి, మిగిలినది పదేళ్లపాటు నెలవారీ వాయిదాల్లో తీర్చవచ్చు. ఒసాకా అప్పటికి ఫ్యాక్టరీ పొగగొట్టాల నగరం. ఆ పొగలో ఎందుకు మగ్గుతారు, గాలీ వెలుతురూ ఉన్న చోటికి రండి అంటూ కంపెనీ 1909లోనే కరపత్రాలు పంచింది. మన హైవేల పక్కన రంగురంగుల జెండాలు పాతి వెంచర్లు వేసేవాళ్ల మాటలు గుర్తుకొస్తున్నాయా? తేడా ఒక్కటే, అక్కడ స్థలం అమ్మినవాడే రైలూ నడపాలి. కాలనీ పాడుపడితే ముందుగా నష్టపోయేది అతడే. కొబాయాషి స్వయంగా ఇకెదాలోనే ఇల్లు కట్టుకొని ఉన్నారు.

పొద్దున నగరం వైపు నిండుగా వెళ్లిన బండి ఎదురు దిశలో ఖాళీగా తిరిగితే లాభం లేదు, సెలవు రోజున కాలనీవాళ్లు ఇంట్లో కూర్చున్నా లాభం లేదు. అందుకే లైను అవతలి కొసన వినోదం కావలసివచ్చింది. మినోలో పెట్టిన జంతుప్రదర్శనశాల కొన్నేళ్లకే మూతపడింది. తకరాజుకలో 1911లో కొత్త స్నానశాల, మరుసటి ఏడాది లోపలి ఈతకొలను కట్టారు. ఎండ తగలని ఆ కొలనులో నీళ్లు మంచుముద్దలా ఉండేవి, పైగా ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి ఈదడానికి అనుమతి లేదు. ఎవరూ దిగని కొలనుపై పలకలు పరిచి ప్రేక్షకుల్ని కూర్చోబెట్టారు, బట్టలు మార్చుకునే గదిని రంగస్థలం చేశారు, 1913లో సమకూర్చిన బాలికల గాయక బృందం చేత 1914 ఏప్రిల్ 1న తొలి ప్రదర్శన ఇప్పించారు. స్త్రీలే పురుష పాత్రలు కూడా ధరించే, నేడు జపాన్ అంతటా అభిమానులున్న తకరాజుక నాటక సంస్థకు పుట్టుక అదీ. పెద్దలు దీన్ని దూరదృష్టి అంటారు గానీ, నాకు మాత్రం చన్నీళ్ల కొలను మిగిల్చిన నష్టాన్ని ఎలా పూడ్చాలా అని తల పట్టుకున్న ఒక వ్యాపారి కనిపిస్తాడు. అందువల్లే ఆయన మీద నాకు గౌరవం ఎక్కువ.

1915లో అఖిల జపాన్ పాఠశాలల బేస్‌బాల్ పోటీలు మొదటిసారి జరిగినది కూడా ఈ లైను మీదే, తోయోనాకాలో కంపెనీ కట్టిన మైదానంలో. రెండేళ్లకే అది చాలక పోటీలు ప్రత్యర్థి అయిన హాన్షిన్ రైల్వేవారి వైపు తరలిపోయి, 1924 నుంచి కోషియెన్ మైదానంలో స్థిరపడ్డాయి. ఆ హాన్షిన్, ఈ హాంక్యూ 2006లో ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి.

నగరం వైపు కొస కూడా ఖాళీగా ఉండలేదు. 1929లో ఉమెదా స్టేషన్‌లోనే కంపెనీ సొంత డిపార్ట్‌మెంట్ స్టోర్ తెరిచింది. దాని భోజనశాలలో కూర-అన్నం ప్రసిద్ధి. తర్వాత ఆర్థికమాంద్యంలో కొందరు ఒట్టి అన్నం మాత్రమే కొనుక్కొని, బల్ల మీద ఊరికే దొరికే సాస్ పోసుకొని తినేవారు. వాళ్లను వద్దనకుండా, అన్నం మాత్రమే అడిగేవాళ్లకూ స్వాగతమని కొబాయాషి బోర్డు పెట్టించారట.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఉమెదా నుంచి జూసో దాకా ఉన్న కొద్ది నిమిషాల దారి. కోబే, తకరాజుక, క్యోతో లైన్ల బళ్లు మూడూ పగటిపూట ఒకే నిమిషంలో కదులుతాయి. ఆరు పట్టాల మీద పక్కపక్కన యోదో నది దాటుతూ, ఒక బండి కిటికీలోంచి పక్క బండిలో పేపరు చదువుతున్న మనిషి ముఖం చూడవచ్చు. జూసో దాటాక దారులు విడిపోతాయి.

ఒక ఆదివారం తకరాజుకలో దిగి అరిమా వెళ్లాను. స్టేషన్ బయట బస్సెక్కి కొండదారిన వెళ్లాలి. అరిమాలో రైల్వే స్టేషన్ లేకపోలేదు. 1928లో కోబే వైపు నుంచి వేరే కంపెనీవాళ్లు పట్టాలు వేసుకొని అక్కడికి చేరారు.